ఊటీ దాకా మోసి, మడత విప్పకుండా తెచ్చిన 27 బట్టలు

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ ఫ్యామిలీ పేజీలో వేసవి ప్రయాణానికి బట్టలు ఎలా సర్దుకోవాలో వేశారు. ‘క్యాప్సూల్ వార్డ్‌రోబ్’ అని పేరు పెట్టి, తక్కువ బట్టలు తీసుకెళ్లి వాటినే ఒకదానికొకటి మార్చి మార్చి వేసుకోమన్నారు. మాట మంచిదే, నేను కాదనను. కానీ ఆ జాబితా అచ్చుకు పోయేముందు ఎవరైనా ఒకసారి చూశారా? లినెన్ బ్లేజరు, తెల్ల షార్ట్సు, బిస్కెట్ రంగు ప్యాంటు, గడ్డి టోపీ, రాత్రి డిన్నరుకు నల్ల గౌను. ఆ రాసినవాళ్లను ఆ బ్లేజరు వేసుకుని మే నెల మధ్యాహ్నం రెండు గంటలకు నెల్లూరులో మా వేదాయపాళెం నుంచి ఆత్మకూరు బస్టాండు దాకా షేర్ ఆటోలో ఒక్కసారి రమ్మనండి, చాలు.

ఆ పేరు ఎక్కడిదో మా అమ్మాయి ఫోన్లో వెతికి చెప్పింది. 1970లలో లండన్‌లో బట్టల షాపు నడిపిన సూజీ ఫో అనే ఆమె ఈ మాటను వాడుకలోకి తెచ్చిందంట. తర్వాత 1985లో న్యూయార్క్‌లో డోనా కరన్ అనే డిజైనరు ఉద్యోగం చేసే ఆడవాళ్ల కోసం ఏడు రకాల బట్టలే పెట్టి, వాటినే కలుపుకుంటూ పొద్దున ఆఫీసు నుంచి రాత్రి విందు దాకా నెట్టుకురావచ్చని చూపించిందంట. బాగానే ఉంది. పాపం వాళ్ల లెక్కలో చెమట లేదు, తిరుమల కల్యాణోత్సవం టికెట్టు లేదు, దారి మధ్యలో తగిలే మేనత్త కూతురి పెళ్లి అసలే లేదు.

మా వైపు సెలవులంటే ఒక ఊరికి పోయి హోటల్లో పడుకుని రావడం కాదండీ. ఏప్రిల్ చివరి వారంలో బళ్లు మూస్తారు, జూన్ 12కు తెరుస్తారు. పిల్లకాయలకు చల్లటి ఊరు చూపించాలన్నా, కొండకు పోవాలన్నా, అమ్మగారింట్లో నాలుగు రోజులు ఉండాలన్నా, పెళ్లిళ్లకు తల చూపించాలన్నా అన్నీ ఆ నెలన్నరలోనే. అందుకని అన్నీ ఒకే ప్రయాణంలో దూరుస్తాం. ఒకే బ్యాగులో ఎండకు, చలికి, గుడికి, పెళ్లికి అన్నిటికీ బట్టలుండాలి. కిలోమీటరు ఎత్తుకు పోయేకొద్దీ దాదాపు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుందని మా పిల్లోడి సోషల్ పుస్తకంలో ఉంది. ఊటీ 2,240 మీటర్ల ఎత్తు, అంటే లెక్కకు 14 డిగ్రీల పైన తగ్గుతుంది. మనకిక్కడ 38 ఉన్న రోజు అక్కడ 23, 24 ఉంటుందన్నమాట, పొద్దుగూకితే ఇంకా దిగుతుంది. ఇక్కడ రోళ్లు పగిలే ఎండలో కూర్చుని స్వెటర్లు సర్దుకోవాలంటే ఎవరికైనా లెక్క తప్పుతుంది. నాకూ తప్పింది.

పోయినేడు మేం అయిదుగురం పోయాం. నేను, మా ఆయన, అమ్మాయి, పిల్లోడు, మా అత్తమ్మ. నెల్లూరులో పినాకిని రైలెక్కి చెన్నై, రాత్రికి నీలగిరి ఎక్స్‌ప్రెస్‌లో మెట్టుపాళయం, తెల్లారి అక్కడి నుంచి కొండ రైలు. వచ్చేటప్పుడు కాట్పాడిలో దిగి తిరుపతి, అక్కడి నుంచి రైల్లో సింగరాయకొండ, ఆటోలో కందుకూరు, పెళ్లి. మొత్తం తొమ్మిది రోజులు. బ్యాగులు అయిదు, తినేవాటి సంచి వేరే. అవి గుమ్మం ముందు వరసగా పెడితే మా అత్తమ్మ చూసి, “ఏం మే, ఊటీకి పోతన్నామా, కాపురం మారస్తన్నామా?” అనింది. స్లీపరు టికెట్టుకు మనిషికి 40 కిలోల దాకా ఊరికే తీసుకుపోవచ్చని రైల్వే వాళ్లే రాసిపెట్టారు కదా అన్నాడు మా ఆయన. నిజమే, కానీ మోసేది రైల్వే వాళ్లు కాదు కదా. చెన్నై సెంట్రల్‌లోనే ఒక ట్రాలీ బ్యాగు చక్రం ఊడింది. అక్కడి నుంచి దాన్ని ఈడ్చుకుంటూ పోతుంటే ప్లాట్‌ఫారం మీద చేసిన శబ్దానికి నిద్రపోతున్నవాళ్లు లేచి మమ్మల్ని తిట్టిన తిట్లు అరవంలో ఉన్నా బాగానే అర్థమయ్యాయి, నెల్లూరోళ్లం కదా.

కొండ రైలు గురించి ఒక మాట. 46 కిలోమీటర్లే, కానీ పైకెక్కడానికి దగ్గర దగ్గర అయిదు గంటలు పడుతుంది. దారిలో 208 మలుపులు, 16 సొరంగాలు, అంత అందమైన దారి ఇంకోటి ఉండదంటారు. నేను ఒక్క సొరంగం కూడా సరిగా చూడలా. డబ్బాలు చిన్నవి, సామాను పెట్టే చోటు లేదు, నా ఒళ్లో మా ఆయన బూట్ల బ్యాగు ఉండింది.

ఊటీలో రెండో రోజు వాన పడింది. పిల్లలిద్దరి జీన్సులూ తడిశాయి. జీన్సు ఒక్కటి ముప్పావు కిలో ఉంటుంది పొడిగా ఉన్నప్పుడే, తడిస్తే ఎంతో మీరే ఊహించుకోండి. మా ఇంట్లో అయితే మేడ మీద ఆరేసిన గంటకు అప్పడంలా ఎండిపోతుంది, ఊటీలో రెండు రోజులు బాత్రూం తలుపుకు వేలాడదీసినా నడుము పట్టీ దగ్గర తడి పోలా. ఆ తడి జీన్సులే క్యారీబ్యాగులో చుట్టి తిరుపతి దాకా మోశాం. తిరుపతి రూములో బ్యాగు తెరిస్తే వచ్చిన వాసన గురించి పేపరుకు రాయడం మర్యాద కాదు.

అదే బ్యాగులో అడుగున నా కొత్త కలంకారీ చున్నీ ఉండింది, మెరూన్ రంగుది. దాని పక్కన మా ఆయన తెల్ల పంచె. తడి తగిలి చున్నీ రంగు దిగింది. తెల్లారి కల్యాణోత్సవానికి మగవాళ్లు పంచె, ఉత్తరీయంతో రావాలి, ఆడవాళ్లకు చీర, లంగా ఓణీ, లేదంటే చున్నీతో చుడీదారు ఉండాలి. ఈయన పంచె చూస్తే హోలీ ఆడొచ్చినట్టుంది. రాత్రి తొమ్మిదిన్నరకు పోయి షాపులో చెప్పినంత ఇచ్చి ఇంకో పంచె కొన్నాం. దాంతో మా సామానులో మూడు పంచెలయ్యాయి, రెండు పనికొచ్చేవి, ఒకటి ఇప్పుడు మా ఇంట్లో ఫ్యాను తుడిచే గుడ్డ. కలంకారీని తప్పు పట్టడం లేదు, తప్పు నాదే. కొత్త నూలు బట్టను ఇంట్లో రెండు మూడు సార్లు విడిగా జాడించి, నీళ్లు తెల్లగా వచ్చాకే ప్రయాణానికి పెట్టుకోవాలి. మొదటి ఉతుకులో కొంచెం కుదించుకుపోయేది కూడా ఇంట్లోనే తెలిసిపోతుంది.

ఇంటికొచ్చిన మర్నాడు పాత పేపర్ల అబ్బాయి వచ్చాడు. బ్యాగులు ఇంకా విప్పలేదు. ఎందుకనిపించిందో, అతని కొక్కెం కాటాకు బ్యాగులు ఒక్కోటి తగిలించి తూయమన్నా. అయిదూ కలిపి 52 కిలోలు. “ఏమక్కా, పేపర్ల రేటుకేనా?” అన్నాడు. ఆ తర్వాత బట్టలు తీస్తూ క్యాలెండరు వెనకాల గీతలు గీసుకుంటూ లెక్కేశాను. లోపల వేసుకునేవి, తువ్వాళ్లు కాకుండా మొత్తం 61. అందులో ఇంటి దగ్గర పెట్టిన మడత పెట్టినట్టే తిరిగొచ్చినవి 27. అత్తమ్మవి ఒక్కటి లేదు అందులో. ఆమె తెచ్చుకున్నవే మూడు చీరలు, ఒక శాలువా. మూడూ కట్టింది.

ఆ 27 ఎందుకు మిగిలిపోయాయా అని చాలా రోజులు ఆలోచించా. ఎక్కువ పెట్టుకున్నాం కాబట్టి మిగిలాయి అనుకుంటే అది సగమే. అసలు సంగతి ఏంటంటే మన దగ్గర బట్టలన్నీ సెట్లు. షాపుకు పోతే త్రీ పీస్ సెట్ అనే అమ్ముతారు, టాపు మీద పువ్వే ప్యాంటు అంచుకూ ఉంటుంది, అదే పువ్వు చున్నీ మీద కూడా ఉంటుంది. ఆ టాపును వేరే ప్యాంటు మీద వేస్తే ఎబ్బెట్టుగా ఉంటుంది. అందుకని టాపు మీద కాఫీ ఒలికితే ఆ సెట్టంతా పక్కన పడ్డట్టే. ఆరు రోజులకు ఆరు సెట్లు పెడితే చున్నీలు కాకుండానే 12 బట్టలు, వేసుకోగలిగేది ఆరు రకాలు. అదే నాలుగు టాపులు, మూడు ప్యాంట్లు, ఏ టాపైనా ఏ ప్యాంటు మీదైనా కుదిరేట్టు చూసి పెడితే ఏడు బట్టలకు 12 రకాలు వస్తాయి. ఇది మీ పేజీలో చెప్పలేదు. బ్లేజరు గురించి నాలుగు వాక్యాలు రాశారు గానీ ఈ నాలుగు మూళ్ల ఎక్కం రాయలేదు.

ఈ ఏడు నేను చేసింది అదే. మంచం మీద ప్యాంట్లు వరసగా పరిచి, ఒక్కో టాపు తెచ్చి అన్నిటి మీదా పెట్టి చూశాను. ఏ ఒక్క ప్యాంటుతోనైనా కుదరకపోతే ఆ టాపు బీరువాలోకి వెనక్కి. మా అమ్మాయి ముచ్చటపడి కొనుక్కున్న చిలకపచ్చ సిల్కు టాపు అట్లానే పోయింది, ఒక పూట మాట్లాడలా నాతో. ప్యాంట్లు మూడూ ప్లెయినే, ఒకటి నేవీ బ్లూ, ఒకటి హాఫ్ వైటు, ఒకటి గోధుమ రంగు. పువ్వులు, గళ్లు ఏమున్నా టాపుల మీదే. చున్నీలు రెండు, రెండూ ప్లెయిను. చీరలకూ ఇదే లెక్క, జాకెట్టు ఒక్కటే, ముదురు బంగారు రంగుది, నా చీరలు నాలుగైదింటికి నప్పుతుంది. ఒక్కో చీరకు ఒక్కో మ్యాచింగ్ జాకెట్టు, ఒక్కో లంగా పెట్టుకుంటూ పోతే బ్యాగు నిండేది చీరలతో కాదు, వాటి పరివారంతో.

రంగుల సంగతి కూడా మీవాళ్లు మన ఎండ చూసి రాయలేదు. తెలుపు చల్లగా ఉంటుంది నిజమే, కానీ సెకండ్ క్లాసు కిటికీ పక్కన కూర్చుంటే గూడూరు వచ్చేసరికి మాసిపోతుంది. లేత బూడిద రంగు వేసుకుంటే చంకల్లో, వీపు మీద చెమట తడి మ్యాపు గీసినట్టు కనిపిస్తుంది. నలుపు వేస్తే ఎండ తాగుతుంది, పైగా చెమట ఆరాక ఉప్పు తెల్లగా చారలు కడుతుంది. మధ్యరకం రంగులో సన్న పువ్వులో, చిన్న గళ్లో ఉన్న బట్టైతే చెమటా తెలియదు, మరకా తెలియదు. ఇది చదువుకున్నది కాదు, ఇరవై రెండేళ్లుగా ఈ ఊళ్లో చెమట కార్చి తెలుసుకున్నది.

బట్ట విషయానికొస్తే నూలు కాకుండా ఇంకేం పెట్టుకున్నా సముద్రం పక్క ఊళ్లలో ఏడుపే. నూలు పోగు గాలిలో తేమనే తన బరువులో ఎనిమిది శాతం దాకా పీల్చుకుంటుంది, పాలిస్టరు అర శాతం కూడా పీల్చుకోదు. అందుకే పాలిస్టరు చొక్కా వేసుకుంటే చెమట చర్మం మీదే నిలబడిపోయి జిడ్డుగా ఉంటుంది, సాయంత్రానికి పక్కవాళ్లు జరిగి కూర్చుంటారు. కానీ పాలిస్టరు తొందరగా ఆరుతుంది, అదీ ఒప్పుకోవాలి. మందం నూలు ఆరదు. కాబట్టి పలచటి నూలు. మాకు పలచటి నూలంటే వెంకటగిరి. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు వెంకటగిరిని తిరుపతి జిల్లాలో కలిపినా మాకది మా ఊరి చీరే. రాత్రి బకెట్టులో జాడించి పిండి కొక్కేనికేస్తే తెల్లారేసరికి కట్టుకోవచ్చు. జరీ అంచు ఉంటుంది కాబట్టి గుడికీ సరిపోతుంది, చిన్నపాటి ఫంక్షనుకూ సరిపోతుంది.

ఎన్ని జతలు పెట్టుకోవాలనేది ఎన్ని రోజుల ప్రయాణం అన్నదాన్ని బట్టి కాదండీ, పోయినచోట బకెట్టు, మంచి నీళ్లు, ఎండ ఉన్నాయా అన్నదాన్ని బట్టి. అమ్మగారింట్లో నాలుగు రోజులుంటే అక్కడ మిషనుంది, రెండు జతలు చాలు. ఊటీలో ఆరవు, అక్కడికి ఉతకాల్సిన పని లేకుండా లెక్క పెట్టుకోవాలి, అయినా చలికి చెమట పట్టదు కాబట్టి ఒక టాపు రెండు రోజులు నడుస్తుంది. మా పుట్టినిల్లు ఒంగోలు. అక్కడ బోరు నీళ్లలో సబ్బు ఎంత రుద్దినా నురగ రాదు, తెల్ల బట్టలు రెండు ఉతుకులకు పసుపు తిరుగుతాయి, అందుకని తెల్లవి అక్కడ ఉతకనే ఉతకను.

చలికి స్వెటరు అత్తమ్మకు తప్ప నలుగురికీ నాలుగు పెట్టాను పోయినేడు. ఈసారి లావు స్వెటర్లు అసలు లేవు. పొడుగు చేతుల టీషర్టు, పైన పలచటి కోటు, మరీ చలేస్తే మధ్యలో ఇంకో టాపు. రెండు మూడు పొరలుగా వేస్తే పొరల మధ్య గాలి వెచ్చగా ఉంటుంది, ఎండ రాగానే ఒకటి విప్పేయొచ్చు. అత్తమ్మకు ఆ శాలువానే. పెద్ద టర్కీ తువ్వాళ్లు కూడా మానేశాం, గళ్ల తువ్వాలు తలా ఒకటి. అది ఊరికే ఆరుతుంది, రైల్లో కిటికీకి అడ్డం కట్టొచ్చు, తలకు చుట్టొచ్చు, బెర్తు మీద పరుచుకోవచ్చు. మీ గడ్డి టోపీ మా ఊరి గాలికి పెన్నా బ్రిడ్జి మీద నిలుస్తుందా చెప్పండి. చెప్పుల దగ్గర ఒకటే రూలు పెట్టా, బరువైన జత కాళ్లకు, తేలికైన జత బ్యాగులో, మూడో జత లేదు.

ఇంక పట్టుచీర. పోయినేడు కందుకూరు పెళ్లి కోసమని కంచి పట్టుచీరను, దాని జాకెట్టును, గిల్టు నగల డబ్బాను చెన్నైకి, ఊటీకి, తిరుమలకు తిప్పి తెచ్చా. దానికి యాత్రా ఫలం దక్కింది గానీ నాకు మెడ నొప్పి వచ్చింది. ఈ ఏడు కూడా ప్రయాణం చివర ఒక పెళ్లుంది, అదీ కందుకూరులోనే. మా తోడికోడలు కావలి నుంచి నేరుగా పెళ్లికి వస్తుంది. అందరి పట్టుబట్టలూ ఒక సంచిలో పెట్టి ముందే ఆమె ఇంట్లో ఇచ్చొచ్చా. ఇంత చిన్న ఉపాయం ఇన్నేళ్లు ఎందుకు తట్టలేదో.

తట్టకపోవడం కాదు, మొహమాటం. అసలు మనం బట్టలు ఎక్కువ పెట్టుకునేది ఫొటోల కోసం. నిన్న వేసిన టాపే ఇవాళ వేస్తే వాట్సాప్ స్టేటస్ చూసి పిన్ని కూతురు ఏమనుకుంటుందోనని. నాకు నిజంగా జరిగింది, పోయినేడు బొటానికల్ గార్డెన్‌లో దిగిన ఫొటో చూసి ఒకామె “వదినా, ఈ చీర మీ గృహప్రవేశానికి కట్టిందే కదా” అని అడిగింది. అవునమ్మా, అదే. ఏడేళ్ల కిందటి చీర అంత బాగా గుర్తు పెట్టుకున్నందుకు సంతోషించాలో ఏడవాలో తెలియలా. మగవాళ్లకు ఈ బాధ లేదు, మా ఆయన అదే నీలం చొక్కాతో మూడూళ్లలో దిగిన ఫొటోలున్నాయి, ఒక్కరూ అడగలా. మీ పేజీలో వేసిన బొమ్మల్లోనూ బొమ్మ మారిన ప్రతిసారీ అమ్మాయి కొత్త బట్టల్లోనే ఉంది, అన్నీ ధగధగా ఇస్త్రీ చేసినవే. తక్కువ బట్టలతో సర్దుకోమని రాసి పదిహేను బట్టల ఫొటోలు వేస్తే ఎట్లా?

అందుకని అడిగేది ఒకటే. ఈసారి వేసేటప్పుడు మన ఊళ్ల ఆడవాళ్ల బ్యాగులు నాలుగు విప్పించి వేయండి. తిరుపతికి పోయొచ్చినామెది, పిల్లలతో అమ్మగారింటికి పోయినామెది, వారం వారం చెన్నైకి సరుకు కోసం పోయొచ్చే చీరల వ్యాపారం చేసే ఆమెది. అందరికన్నా ఆమెకే బాగా తెలిసుంటుంది ఈ విద్య. ఏ బట్ట, ఎంత ధర, ఎన్ని రోజులు నడిచింది, ఎట్లా ఉతికింది, అది రాయండి. ఒకే టాపు మూడు ప్యాంట్ల మీద వేసి ఫొటో తీయండి, పక్కపక్కన వేయండి. బ్లేజరు మాత్రం వద్దు.

మేం వచ్చే గురువారం బయల్దేరుతున్నాం. పాత పేపర్ల అబ్బాయి నిన్న మళ్లీ వచ్చాడు, మీ పేపర్లే రెండు నెలలవి వేశా. పనిలో పనిగా బ్యాగులూ తూయించా. ఈసారి మూడే, కలిపి 23 కిలోలు. రాత్రి అనుమానమొచ్చి ఎత్తి చూస్తే ఒకటి బరువుగా తోచింది. తీసి చూద్దును కదా, అడుగున పేపరులో చుట్టి మా ఆయన మూడో జత బూట్లు. ఆ పేపరు కూడా మీదే, బ్లేజరు వేసిన పేజీ.

ఇట్లు,
మీ పాఠకురాలు,
వేదాయపాళెం, నెల్లూరు